నేల విభాగాధికారి సెలవులో ఉన్నారు

మా రాష్ట్ర మిశ్రమ యుద్ధకళల మండలికి త్రివిక్రమరావుగారు సభ్య కార్యదర్శిగా వచ్చేనాటికి రాష్ట్రంలో ఈ ఆట బాగానే నడుస్తోంది. ఈ సంగతి ముందుగా చెప్పుకోవాలి. ఎందుకంటే అప్పటికే అంతా పాడైపోయి ఉందని తరవాత చాలా నివేదికలు వెళ్ళాయి. వాటిలో సగం నేనే రాశాను. నేను మండలిలో సీనియర్ అసిస్టెంటుని, హాజరుపట్టీల విభాగం.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఎనిమిది పలకల కంచె లోపల ఇద్దరు తలపడతారు. ఒకరు బాక్సింగు నేర్చుకుని వస్తారు, ఒకరు కుస్తీ, ఒకరు కాళ్ళతో తన్నే విద్య, ఒకరు కింద పడేసి కీళ్ళు మెలిపెట్టే జుజుత్సు. మొదట్లో ఎవరి విద్య వాళ్ళదే. కుస్తీవాడు నడుం పట్టుకుని ఎత్తి పడేశాక బాక్సరు బుద్ధి తెచ్చుకుని కుస్తీ నేర్చుకున్నాడు. ముక్కు పగిలాక కుస్తీవాడు బాక్సింగు నేర్చుకున్నాడు. అలా అందరూ అన్నీ నేర్చుకుని, తమ ఒంటికి నప్పిన పాళ్ళలో కలుపుకున్నారు. ఏ ఇద్దరి ఆటా ఒకలా ఉండేది కాదు. ఆఫీసు పనిమీద వెళ్ళినా సరే, నేను రెండు ఆటలు చూసి గానీ వచ్చేవాణ్ణి కాదు.

త్రివిక్రమరావుగారు సర్వే, భూరికార్డుల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. ముప్పై ఏళ్ళు గొలుసు లాగించి పొలాలు కొలిపించిన మనిషి. మంచివారు, ఎవర్నీ కసురుకోరు, పదిన్నరకల్లా సీట్లో ఉంటారు. హద్దులు తెలియని వస్తువు కనిపిస్తే మాత్రం ఆయనకి అన్నం సయించదు.

ఆయన వచ్చిన నెలకి పైనుంచి ఒక వాక్యం ఉత్తరం వచ్చింది. “మీ రాష్ట్రంలో పోరాట శైలుల వైవిధ్యం ఏ స్థితిలో ఉన్నదో వారంలోగా తెలుపవలెను.” ఆయన నన్ను పిలిచి అడిగారు.

“బాగానే ఉందండి,” అన్నాను.

“బాగానే అంటే ఎంత విస్తీర్ణం?”

అది తేల్చడానికి జిల్లాలన్నిటికీ ఫారాలు పంపాం. పేరు, తండ్రి పేరు, బరువు, ప్రధాన శైలి. శైలికి ఒకటే గడి, బొటనవేలి గోరంత. గుంటూరు కోచ్ మస్తానయ్య తన శిష్యులందరి ఫారాల్లోనూ ఆ గడిలో “గెలిచేది” అని రాసి పంపాడు. తుని నుంచి గెడ్డం నూకరత్నం అనే అమ్మాయి మాత్రం నిజాయితీగా ప్రయత్నించింది. మేనమామ దగ్గర నేర్చిన కుస్తీ, పోలీసు మైదానంలో నేర్చిన బాక్సింగు, మస్తానయ్య దగ్గర నేర్చిన తన్నులు, ఫోనులో చూసి చెల్లెలి మీద సాధన చేసిన జుజుత్సు, నాలుగూ ఆ గడిలోనే చీమతలకాయంత అక్షరాలతో ఇరికించింది. భూతద్దం తెప్పించి చదివాం.

త్రివిక్రమరావుగారు ఆ ఫారం చాలాసేపు చూశారు. “సూర్యంగారూ, ఇది ఆక్రమణ,” అన్నారు. “ఒక్క మనిషి నాలుగు శైలుల్ని అనుభవిస్తోంది. అందరూ ఇలాగే కలిపేసుకుంటే ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రికార్డు ఏది? గట్లు తీసేసిన పొలాల్లో వైవిధ్యం ఉందని ఎలా ధ్రువీకరిస్తాం?”

గట్లు వెయ్యాలని వారంలో తీర్మానమైంది. ఆయన మనిషి బొమ్మ ఒకటి గీయించి, దాన్ని సర్వే చేశారు. మణికట్టు దిగువన ఉన్నది గుద్దుల విభాగం. మోకాలి దిగువన తన్నుల విభాగం. మెడ నుంచి నడుం వరకు పట్టుల విభాగం. వీపు గానీ పిర్ర గానీ చాపకి తగిలిన క్షణం నుంచి మొత్తం శరీరం నేల విభాగం. మోచేతులు, మోకాళ్ళు ఏ విభాగమూ తనవని ఒప్పుకోలేదు. వాటిని తాత్కాలికంగా పోరంబోకుగా నమోదు చేశారు.

ఒక్కో విభాగానికి ఒక్కో అధికారి. ఆట ఏ విభాగంలో ఉంటే ఆ అధికారే కంచె లోపల రెఫరీగా ఉండాలి. ఆట ఇంకో విభాగంలోకి వెళ్ళగానే మొదటి అధికారి ఈల ఊది, ఛార్జి అప్పగింత పత్రం మీద సంతకం పెట్టి బయటికి రావాలి. రెండో అధికారి చేరిక నివేదిక ఇచ్చి లోపలికి వెళ్ళాలి. ఈ మధ్యలో క్రీడాకారులు ఎక్కడివాళ్ళక్కడ ఉండాలి. పరిధిలేని అధికారి ఎదుట జరిగినది ఏదీ జరిగినట్టు కాదు. ఇదీ నిబంధన.

అధికారుల్ని సీనియారిటీ ప్రకారం వేశారు. నేల విభాగం సాంబమూర్తిగారికి వచ్చింది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, పదేళ్ళుగా నేలమీద కూర్చోలేదు. ఆయన ఆ మాటే అన్నారు. “పదోన్నతి వద్దంటే రాసివ్వండి,” అన్నారు త్రివిక్రమరావుగారు. పదోన్నతి వద్దని రాసిచ్చినవాళ్ళు మా ఆఫీసులో లేరు.

రాష్ట్ర పోటీలు మొదలయ్యాయి. మొదటి ఆటలో కడప కుర్రాడు ఒక గుద్దు గుద్ది వెంటనే తన్నాడు. గుద్దు దిగిన చోట గుద్దుల అధికారి ఈల వేశారు. తన్ను గాలిలో ఆగింది. ఆ కుర్రాడు ఒంటికాలి మీద నాలుగు నిమిషాలు నిలబడ్డాడు. ఛార్జి మారాక తన్నాడు గానీ అప్పటికి అవతలివాడు రెండడుగులు పక్కకి జరిగి అరటిపండు తింటున్నాడు. జరిగినందుకు మందలించారు గానీ అరటిపండు మీద అభ్యంతరం రాలేదు, అది ఏ విభాగానికీ చెందదు కనుక.

రెండో రోజు ఒకడు మోచేత్తో కొట్టి ఇంకొకణ్ణి పడగొట్టాడు. నలుగురు అధికారులూ కంచె చుట్టూ నిలబడి మాది కాదంటే మాది కాదన్నారు. పడినవాడు లేచి, దెబ్బ తిన్నది తనేనని చెప్పినా లాభం లేకపోయింది. పోరంబోకులో తగిలిన దెబ్బకి ఫలితం ప్రకటించే అధికారం ఎవరికీ లేదని తేల్చి ఆ ఆట వాయిదా వేశారు.

“ఏందయ్యా ఇది,” అన్నాడు మస్తానయ్య నా బల్ల దగ్గరికొచ్చి. “మనిషి కొట్టేటప్పుడు చెయ్యి వేరు, కాలు వేరు అనుకొని కొడతాడా? ఒళ్ళంతా కలిసి కొడతది.”

“అర్జీ పెట్టండి,” అన్నాను.

“ఏ విభాగానికి పెట్టాలి?”

ఆ మాట నిజంగానే నాకు తెలియక, కనుక్కుని చెబుతానన్నాను.

అరవై కిలోల ఆడపిల్లల ఫైనల్‌కి నూకరత్నం వచ్చింది. అవతల నంద్యాల అమ్మాయి షేక్ పర్వీన్. గెలిచినమ్మాయి పేరు జాతీయ పోటీలకి వెళుతుంది, ఒక్క పేరే. ఆ పోటీలకి ఇరవై నాలుగేళ్ళు నిండనివాళ్ళనే తీసుకుంటారు. పర్వీన్‌కి పంతొమ్మిది. నూకరత్నానికి వచ్చే నెలలో ఇరవై నాలుగు నిండుతాయి. ఆరేళ్ళుగా ఆ పిల్ల తెల్లవారుజామున లేచి రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళేలోగా సాధన చేస్తోంది. దానికిదే ఆఖరి ఏడు. ఆ సంగతి పోటీల మండపంలో అందరికీ తెలుసు.

ఆట బ్రహ్మాండంగా ఆడారు. ఈలకీ ఈలకీ మధ్య దొరికిన కాస్త సందులోనే ఎంత విద్య ఉందో అంతా చూపించారు. మూడో రౌండులో పర్వీన్ తన్నబోయింది. నూకరత్నం ఆ కాలు పట్టుకుని, ఎత్తి, ఇద్దరూ కిందపడేలోగానే పర్వీన్ కుడిచెయ్యి తన రెండు తొడల మధ్య ఇరికించుకుని వెల్లకిలా పడింది. పట్టు బిగిసింది. ఇక నడుం పైకెత్తితే మోచెయ్యి పోతుంది. పర్వీన్ ఎడమచేత్తో చాప మీద మూడుసార్లు తట్టింది. తట్టడమంటే ఒప్పుకోవడం. ఈ ఆటలో దేశమేదైనా అర్థం అదే.

నేల తన పరిధి కాదు గనక పట్టుల అధికారి ఈల వేశారు. సంతకం పెట్టారు. బయటికొచ్చేశారు. నేల విభాగాధికారి పేరు మూడుసార్లు మైకులో పిలిచారు. సాంబమూర్తిగారు ఆ పొద్దున్నే మోకాళ్ళ కారణంగా ముప్పై రోజుల వైద్య సెలవు పెట్టారు. ఆ అర్జీ నా బల్లమీదే ఉంది.

పర్వీన్ మళ్ళీ తట్టింది. కంచె లోపల అధికారి ఎవరూ లేరు. నేను మాత్రం హాజరుపట్టీ పట్టుకుని కంచెకి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. తట్టిన చప్పుడు నాకు వినిపించింది. చెయ్యి నాకు కనిపించింది.

నూకరత్నం తల తిప్పి నా వైపు చూసింది. “సూసేరు కదండి,” అంది. “తట్టింది. వదిలెయ్యమంటారా?”

“నేను హాజరుపట్టీల విభాగమమ్మా,” అన్నాను.

అది నడుం ఎత్తలేదు. పట్టు సడలించి, పర్వీన్ చెయ్యి నొప్పి పుట్టనంత మేరకి వదులుచేసి, అలాగే పట్టుకుని పడుకుంది. ఇద్దరూ ముప్పావుగంట అలా ఉన్నారు.

త్రివిక్రమరావుగారు స్వయంగా విచ్చేశారు. ఇన్‌ఛార్జి నియామకం చెయ్యాలంటే ఛైర్మన్ సంతకం కావాలి. ఛైర్మన్ పోరాట శైలుల వైవిధ్యం మీద అధ్యయనానికి విదేశాల్లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా చెయ్యాల్సింది త్రివిక్రమరావుగారికి సర్వే శాఖలో బాగా అలవాటైన పనే. యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చారు.

టేపు తెప్పించి ఇద్దరమ్మాయిల కొలతలూ తీయించారు. పర్వీన్ భుజం నుంచి నూకరత్నం మోకాలికి ఎంత, చెయ్యి ఏ కోణంలో ఉంది, తల ఏ దిక్కుకి ఉంది, అన్నీ ఉత్తరం గుర్తుతో సహా పటం గీశారు. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు.

“పర్వీన్ తట్టింది, సార్,” అన్నాను.

“ఏ అధికారి సమక్షంలో?”

“ఎవరూ లేరండి. నేను చూశాను.”

“మీరు చూసింది మీ వ్యక్తిగత విషయం, సూర్యంగారూ. పటం మీద సంతకం పెట్టండి.”

పెట్టాను.

కొలతలు పూర్తయి పట్టు వదిలాక పర్వీన్ తనే లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది. “సార్, నేను ఓడిపోయినా. నేనే చెప్తాండా కదా సార్. అక్క గెలిచింది.”

“ఓటమిని స్వయంగా ప్రకటించుకునే వెసులుబాటు క్రీడాకారిణికి లేదమ్మా,” అన్నారాయన ఎంతో మర్యాదగా. “నీ ఓటమి నేల విభాగంలో ఉంది. దాన్ని అక్కణ్ణుంచి వాళ్ళే తియ్యాలి.”

ఉత్తర్వు ప్రకారం ఆట ముగియలేదు, జరుగుతూ ఉంది. జరుగుతున్న ఆటలో ఉన్నవాళ్ళు హాజరు కావాలి గనక, ఇద్దరూ రోజూ పదిన్నరకి మా ఆఫీసు వెనక హాలుకి వచ్చి, నా పట్టీలో సంతకం పెట్టి, పటంలో ఉన్నట్టు పడుకోవాలి. ఒంటిగంటకి లేవచ్చు. పటంతో సరిచూసే బాధ్యత నాది. మొదటి రోజు పర్వీన్ తల రెండంగుళాలు తూర్పుకి ఉంటే జరపమన్నాను. జరిపింది.

నూకరత్నం షెడ్డు పనికి సెలవుపెట్టి మా ఆఫీసున్న ఊళ్ళోనే పిన్ని ఇంట్లో ఉంది. పర్వీన్‌ని కూడా అక్కడికే తీసుకుపోయింది. రోజూ రెండున్నర గంటలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పడుకునేవాళ్ళు. ఒంటిగంటకి లేచి ఒకే క్యారేజీలో అన్నం తినేవాళ్ళు. తిన్నాక పర్వీన్‌కి ఆ పట్టులోంచి ఎలా తప్పించుకోవాలో నూకరత్నం నేర్పేది. అది ఉత్తర్వుకి విరుద్ధమో కాదో నేను ఎవర్నీ అడగలేదు.

పదో రోజు ఒంటిగంటకి జాతీయ పోటీలకి పేరు పంపాలి. ఆట ముగియకపోతే పేరు లేదు. తొమ్మిదో రోజు నేను పటం సరిచూస్తుంటే పర్వీన్ చాప మీదనుంచే అంది.

“అక్కా, ఇరిసెయ్.”

“ఏటి?”

“నా చెయ్యి. ఎముక ఇరిగితే డాక్టరు విభాగం వస్తాదంట. డాక్టరమ్మ సెలవులో లేదు, పక్క గదిలోనే ఉండాది. ఆమె ఆట ఆపి నిన్ను గెలిపిస్తాది. నేను రూలు చదివినా. నాకు ఇంకా నాలుగేండ్లు ఉండాయి. అతుక్కుంటాదిలే.”

నూకరత్నం రెండు చేతులూ పర్వీన్ మణికట్టు మీదే ఉన్నాయి. నేను పటం వంక చూస్తూ నిలబడ్డాను. నాకు చాలా భయమేసింది. ఎవరు ఏ విభాగమైనా సరే, ఇది ఆపడం నా పనే అనిపించింది. అయినా పటం మీదనుంచి కళ్ళెత్తలేదు.

“మీ అమ్మకి ఏటి సెప్పమంటావు?” అంది నూకరత్నం చివరికి. “నోరు మూసుకుని పడుకో.”

ఒంటిగంటకి లేచాక అది నా బల్ల దగ్గరికి వచ్చింది.

“బాబుగోరూ, రేపు నేను రాపోతే ఏటవుద్దండి?”

నిబంధన తీసి చదివాను. పదిహేను నిమిషాల గడువు దాటినా హాజరు కాని క్రీడాకారిణి ఆట వదిలిపెట్టినట్టు భావించి, హాజరైన ప్రత్యర్థిని విజేతగా ప్రకటించవలెను. ప్రకటించే అధికారం హాజరుపట్టీల విభాగానిది.

“అంటే మీదేనా?”

“నాదేనమ్మా.”

“సెలవు ఏటీ లేదు కదండి మీకు?”

“లేదు.”

అది తల ఊపింది. ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. తెలిసే చదివాను. ఆఫీసులో ఇన్నేళ్ళున్నాను, రేపు రమ్మని చెప్పి పంపేయడం నాకు చేతకాని పని కాదు.

మర్నాడు పదిన్నరకి పర్వీన్ ఒక్కతే వచ్చింది. పొద్దున్న లేచేసరికి అక్క లేదని, గుడికి వెళ్ళి నేరుగా ఇక్కడికి వస్తుందనుకున్నానని చెప్పింది. సంతకం పెట్టి చాప మీద పడుకుని, పటంలో ఉన్నట్టు కుడిచెయ్యి చాచింది. ఆ చెయ్యి అలా ఖాళీగా చాపమీద ఉంది. పదీ నలభై అయిదయింది. నేను పట్టీ ముయ్యలేదు. సర్వీసులో మొదటిసారి గడువు దాటనిచ్చాను. పదకొండున్నర దాకా తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

పదకొండున్నరకి మస్తానయ్య వచ్చాడు. “నూకరత్నాన్ని తుని బస్సెక్కించి వస్తున్నా,” అన్నాడు. “ఆ పిల్లని ఏడవకుండా పోయి ఆడమని చెప్పమంది. ఇంకేం చెప్పలే.”

పర్వీన్ లేచి నా బల్ల పట్టుకుంది. “సార్, రాయొద్దు. అక్క వస్తాది. సాయంత్రం దాకా చూడండి సార్.”

“జాబితా ఒంటిగంటకి పోవాలమ్మా. రాయకపోతే ఇద్దరూ పోరు.”

“నేను పోను.”

“పోకపోతే అది బస్సెక్కింది ఎందుకు?” అన్నాడు మస్తానయ్య. ఆ తరవాత ఆ పిల్ల గోడకానుకుని కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. మళ్ళీ వద్దనలేదు.

రాశాను. పన్నెండుకి టైపయింది, పన్నెండుంబావుకి సంతకమైంది, పన్నెండున్నరకి పర్వీన్ పేరు వెళ్ళిపోయింది. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కపూటలో కదిలిన కాగితం అదొక్కటే.

త్రివిక్రమరావుగారు చాలా సంతోషించారు. “చూశారా, సూర్యంగారూ. కంగారు పడకుండా ఉంటే వ్యవస్థ తన సమస్య తనే పరిష్కరించుకుంటుంది. ఒక్క గట్టు కూడా చెదరలేదు.” వైవిధ్య పరిరక్షణ నివేదికకి ఆ పటాన్ని రంగుల్లో అచ్చువేయించి జతచెయ్యమన్నారు. జాతీయ పోటీల్లో ఈ విభాగాలేవీ లేవు. పర్వీన్ అక్కడ చేతులతో, కాళ్ళతో, మోచేతులతో, అన్నిటితో కలిపి ఆడి మూడో స్థానం తెచ్చుకుంది. ఆ విజయం మా సరిహద్దుల వల్లే వచ్చిందని ఇంకో నివేదిక వెళ్ళింది. అదీ నేనే రాశాను.

నెలాఖరున హాజరుపట్టీ ముగించేటప్పుడు ఒక గడి ఖాళీగా కనిపించింది. గెడ్డం నూకరత్నం, పదో రోజు, గైర్హాజరు. పక్కన “కారణం” అని ఉంటుంది. అనారోగ్యమనో, స్వంత పనులనో రాస్తాం. “గెలిచింది” అని రాసి, కింద నా పొట్టి సంతకం, తేదీ వేసి పైకి పంపాను. త్రివిక్రమరావుగారి ఆకుపచ్చ సంతకంతో సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. ఆ గడి ఎవరూ చదవరని నాకు ఇరవై ఏడేళ్ళుగా తెలుసు. తెలుసు కాబట్టే అంత ధైర్యంగా రాయగలిగాను.